గంజాయి పట్టివేత వార్తల పక్కనే చికిత్సకు దారి కూడా చూపండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారాలు. నేను కావలి ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. గంజాయికి అలవాటుపడి ప్రస్తుతం చికిత్స తీసుకుంటున్న 22 ఏళ్ల కుర్రవాడికి తల్లిని కూడా. మీ పత్రిక జిల్లా పేజీల్లో గంజాయి పట్టివేత వార్తలు తరచుగా వస్తున్నాయి. వరుసగా నిలబెట్టిన యువకులు, ముందు బల్ల మీద పేర్చిన ప్యాకెట్లు, వెనక అధికారులు, కింద పట్టుబడిన సరుకు ఎన్ని కిలోలో, దాని విలువ ఎంతో, నిందితులు ఏ కాలనీకి చెందినవారో తెలిపే వివరాలు ఉంటాయి. ఆ వార్తలు అవసరమే, పోలీసుల శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ ఫొటో చూసిన ప్రతిసారీ మా జిల్లాలో ఎందరో తల్లిదండ్రులు తమ బిడ్డ సంగతి ఏ ఒక్కరికీ తెలియకూడదని మరింత గట్టిగా నిశ్చయించుకుంటున్నారనీ, ఆ నిశ్చయమే బిడ్డకు అందవలసిన వైద్యాన్ని నెలలకు నెలలు, ఒక్కోసారి ఏళ్లకు ఏళ్లు వాయిదా వేస్తోందనీ మీ దృష్టికి తీసుకురావడానికే ఈ లేఖ రాస్తున్నాను.

గంజాయి అంటే అడిగేవారు లేని పిల్లలకు, చదువు అబ్బనివారికి అంటుకునే అలవాటని మా వంటి ఉద్యోగస్థుల ఇళ్లలో ఇప్పటికీ గట్టి నమ్మకం. సరుకు నడిచే దారిని గమనిస్తే ఆ నమ్మకానికి ఆధారం లేదని అర్థమవుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలోనూ, ఒడిశా సరిహద్దు కొండల్లోనూ పండే గంజాయి తమిళనాడు వైపు పోవాలంటే విజయవాడ, గూడూరు మీదుగా పోయే రైలు మార్గమో, 16వ నంబరు జాతీయ రహదారో పట్టుకోవాలి. ఒంగోలు, సింగరాయకొండ, కావలి, నెల్లూరు అన్నీ ఆ దారి మీద ఉన్న ఊళ్లే. పెద్ద మూటలు ముందుకు పోతూ ఉంటే చిన్న పొట్లాలు దారిలో దిగిపోతుంటాయి. దిగిన పొట్లం ఎవరి చేతికి చేరాలన్న దానికి కులం, చదువు, తండ్రి ఉద్యోగం అడ్డు రావు. ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో అంతకు ముందు ఏడాది కాలంలో గంజాయి, చరస్, భంగు వాడినవారు సుమారు 3 కోట్ల 10 లక్షల మంది కాగా, ఆ వాడకం సమస్యగా మారి సహాయం అవసరమైనవారు దాదాపు 72 లక్షల మంది. అంటే ఒకసారి ముట్టిన ప్రతి పిల్లవాడూ బానిస అయిపోడు. అదే సమయంలో సహాయం కావలసినవారి సంఖ్య తక్కువేమీ కాదు. ఈ రెండు సంగతులనూ తల్లిదండ్రులు ఒకేసారి మనసులో పెట్టుకోవాలి. మొదటిది తెలియకపోతే హడావుడి పడతారు, రెండోది తెలియకపోతే ఏమరుపాటుగా ఉంటారు.

మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా ఇంట్లో కనిపించిన మార్పులు విడివిడిగా చూస్తే ఏవీ భయపడదగినవి కావు. అర్ధరాత్రి లేచి గిన్నెలో మిగిలిన అన్నమంతా పచ్చడి కలుపుకుని తినేవాడు. దేవుడి గది వైపు తొంగి చూడని పిల్లవాడు తన గదిలో అగరుబత్తీలు వెలిగించేవాడు. చొక్కా ఉతకబోతే జేబులో కంటి చుక్కల సీసా ఉండేది. కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని కళ్లు ఎర్రబడుతున్నాయని చెప్పేవాడు, అది ఎవరైనా నమ్మే మాటే. పాత శుభలేఖ అట్టను సన్నగా కత్తిరించి, బిగించి చుట్టిన చిన్న చిన్న ముక్కలు పుస్తకాల అరలో దొరికేవి. వాటిని గంజాయి చుట్టే కాగితం చివర పీల్చే వైపు పెడతారని ఆ తర్వాత వైద్యులు వివరించారు. బ్యాంకు ఖాతా నుంచి రెండు వందలు, మూడు వందలు చొప్పున మాకు తెలియని పేర్లకు ఫోన్‌పే అయ్యేది. వీటిలో ఏ ఒక్కదాన్ని పట్టుకునీ పిల్లవాణ్ని దోషిని చేయకూడదు. అన్నీ కలిసి కనిపిస్తున్నప్పుడు, చిన్ననాటి స్నేహితులు తగ్గి కొత్తవారు చీకటి పడ్డాక వీధి మలుపు దాకా మాత్రమే వచ్చిపోతున్నప్పుడు, ఇష్టపడి ఆడే క్రికెట్ మీద కూడా ఆసక్తి పోయినప్పుడు మాత్రం అడగడానికి సంకోచించకూడదు.

అడిగితే వచ్చే జవాబు దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. "నేనేమన్నా దొంగతనం చేస్తుండానా అమ్మా? మన వీధిలో పెద్దోళ్లంతా మందు తాగుతుండారు గదా, దానికంటే ఇది నయమే. మొక్కే గదా!" అని మావాడు అన్నాడు. మొక్క కాబట్టి హాని లేదన్న వాదన పొగాకు వేలం కేంద్రాలున్న ప్రకాశం జిల్లా పక్కన నిలబడదు, పొగాకూ మొక్కే. చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ తాగేవారిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయనీ, కొందరిలో లేనిపోని అనుమానాలు, చెవిలో మాటలు వినిపించడం వంటి తీవ్రమైన మానసిక రుగ్మతకు దారితీస్తుందనీ, వంశంలో అటువంటి జబ్బు ఉన్నవారికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువనీ వైద్యశాస్త్రం చెబుతోంది. కానీ ఆ వాదనను ఆ క్షణంలోనే గెలవాలని తల్లిదండ్రులు పంతం పట్టడం వల్ల ప్రయోజనం లేదు. మత్తులో ఉన్నప్పుడు చెప్పిన మాట తలకెక్కదు. మర్నాడు ఉదయం, స్నానం చేసి టిఫిను తింటున్నప్పుడు, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ లేని సమయం చూసి, "నీ ఆరోగ్యం గురించి నాకు భయంగా ఉంది నాయనా, ఒకసారి డాక్టరు గారి దగ్గరికి పోదాం" అన్న ఒక్క మాట చాలు. ఆ మాటను వాడు తోసిపుచ్చినా, కొన్ని రోజులు ఆగి మళ్లీ అంతే నెమ్మదిగా అనాలి.

ఇటువంటి సమయంలో మన ఇళ్లలో జరిగేది వేరు. తండ్రి బెల్టు తీస్తాడు. తల్లి తలుపులు మూసి ఏడుస్తుంది. మేనమామ వచ్చి ఒట్టు వేయించుకుంటాడు. ఎవరో తాయెత్తు కట్టించమంటారు. కొన్నాళ్లు హైదరాబాదులో పెదనాన్న ఇంటికి పంపిస్తే స్నేహాలు తెగుతాయంటారు. అన్నిటికంటే నాకు బాధ కలిగించే సలహా పెళ్లి. "ఒకింటివాడైతే బాధ్యత తెలుస్తుంది, అన్నీ అవే సర్దుకుంటాయి" అని మా బంధువుల్లో పెద్దలే మాతో అన్నారు, సంబంధం కూడా చూశారు. మనం కన్న బిడ్డ జబ్బును దాచిపెట్టి, మరొకరు కన్న బిడ్డను తీసుకొచ్చి ఆ జబ్బుకు కాపలా ఉంచడం అన్యాయం. ఆ అమ్మాయి తల్లిదండ్రులు కట్నకానుకలు పెట్టి, అప్పులు చేసి, ఊరంతా పిలిచి పెళ్లి చేస్తారు. ఆరు నెలలు తిరగకుండా ఆ పిల్ల పుట్టింటికి చేరితే, మగపిల్లవాడి కుటుంబం మాత్రం కోడలికి సర్దుకుపోవడం రాలేదంటుంది. పెళ్లి వల్ల వ్యసనం తగ్గిందని చెప్పిన వైద్యులు నాకు ఒక్కరూ తారసపడలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం చాలా కఠినంగానే ఉంది, దాన్ని సడలించుకోదలచుకోలేదు.

పద్దెనిమిది నిండిన బిడ్డ విషయంలో తల్లిదండ్రుల అధికారం ఎంతవరకు అన్నది మరో చిక్కు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే పరిగణిస్తుంది. ఆ చట్టం ప్రకారం వయోజనుడు సాధారణంగా తన సమ్మతితోనే ఆసుపత్రిలో చేరతాడు, తన సంతకం తానే పెడతాడు. తనకో ఇతరులకో హాని చేసుకునే పరిస్థితిలో, నిర్ణయం తీసుకునే శక్తి లేనంత తీవ్రంగా జబ్బుపడినప్పుడు మాత్రం అతని తరఫున వ్యవహరించే నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు మీద, నిపుణులు ఇద్దరు విడివిడిగా పరీక్షించాక, మొదట 30 రోజులకు మించకుండా చేర్చుకోవచ్చు. ఇది తల్లిదండ్రుల చేతులు కట్టేసే చట్టమని మా సహోద్యోగి ఒకరు అన్నారు. నాకలా అనిపించలేదు. ఇష్టం లేకుండా చేర్చిన పిల్లవాడు బయటికి వచ్చిన రోజే ఎక్కడికి పోతాడో ఊహించడం కష్టం కాదు. తనంతట తాను "సరే, వస్తాను" అనేలా చేయడానికి పట్టే కాలం చికిత్సలో భాగమేనని నేను నమ్ముతున్నాను.

చికిత్స గురించి కూడా చాలామందికి తెలియని సంగతులున్నాయి. గంజాయి అలవాటును ఒక్క ఇంజెక్షనుతోనో, ఒక్క మాత్రతోనో మాన్పించే మందు లేదు. రోజూ తాగేవాడు మానేసిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, చెమటలు, భయంకరమైన కలలు మొదలై, మొదటి వారంలో తీవ్రంగా ఉండి, సాధారణంగా రెండు మూడు వారాల్లో నెమ్మదిస్తాయి. నిద్ర కుదుటపడడానికి ఇంకొంత కాలం పట్టవచ్చు. ఆ రోజుల్లో పిల్లవాడు కంచం విసిరేస్తే అది పొగరు కాదు. వైద్యులు ఆ లక్షణాలకు మందులిస్తారు, ఆ తర్వాత అసలు పని కౌన్సెలింగ్‌తో నెలల తరబడి నడుస్తుంది. మధ్యలో మళ్లీ ఒకటి రెండుసార్లు ముట్టడం కూడా ఈ జబ్బులో అరుదు కాదు, అందువల్ల వైద్యం విఫలమైందని మానేయకూడదు. మందుల దుకాణాల్లో దొరికే మూత్ర పరీక్ష కిట్లు తెచ్చి ఇంట్లోనే పరీక్షించే తండ్రులకు ఒక మాట చెప్పాలి. రోజూ తాగినవారి మూత్రంలో మానేసిన తర్వాత కూడా కొన్ని వారాల పాటు దాని ఆనవాళ్లు కనిపించవచ్చు. నిజంగానే మానేసిన బిడ్డను ఆ పరీక్ష ఫలితం చూసి అబద్ధాలకోరు అన్నారంటే, వాడు మళ్లీ నిజం చెప్పడానికి ముందుకు రాడు. గంజాయితో పాటు మత్తు కోసం నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు వాడే పిల్లల విషయంలో ప్రమాదం మరో రకంగా ఉంటుంది. కొన్నాళ్లు మాని, శరీరం ఆ అలవాటు మరిచాక, పాత మోతాదు ఒకేసారి తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ట్రమడాల్ అనే నొప్పి మాత్రను 2018లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది ఊరికే కాదు. ఈ సంగతి చికిత్స కేంద్రం నుంచి బిడ్డ ఇంటికి వచ్చే రోజునే తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి.

డబ్బు విషయంలో మా కౌన్సెలర్ చెప్పిన పద్ధతిని మేమిప్పటికీ పాటిస్తున్నాము. చేతికి నగదు ఇవ్వము. కాలేజీ ఫీజు నేరుగా కాలేజీకే కడతాము. అన్నం, బట్ట, మందులు, వైద్యుని దగ్గరికి ఛార్జీలు ఎప్పుడూ ఉంటాయి. స్నేహితుల దగ్గర చేసిన అప్పు మేము తీర్చము. హాజరు తక్కువైందని కాలేజీ నుంచి ఫోను వస్తే జ్వరమని అబద్ధం చెప్పము. ఇంట్లో ఎవరి మీదా చేయి చేసుకోకూడదన్నది వాడికీ మాకూ కలిపి ఒకే నియమం. వాడు మత్తు లేకుండా ఇంటికి వచ్చిన సాయంత్రం వాళ్ల నాన్న వాడితో కలిసి భోంచేస్తారు, షాపు లెక్కలు వాడితో రాయిస్తారు. మత్తులో వచ్చిన రాత్రి ఎవరూ వాదన పెట్టుకోరు, కంచంలో అన్నం పెట్టి పక్కకు తప్పుకుంటాము. కుటుంబానికి ఇలా నేర్పడం మా కౌన్సెలర్ కనిపెట్టినది కాదు. మద్యం మానడానికి ససేమిరా అన్నవారి కుటుంబాల మీద అమెరికాలో జరిగి 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ తరహా శిక్షణ పొందిన కుటుంబాల్లో 64 శాతం తమవారిని చికిత్సకు ఒప్పించగలిగాయి. అందరూ కలిసి చుట్టూ చేరి నిలదీసే పద్ధతి నేర్చుకున్న కుటుంబాల్లో ఆ విజయం 30 శాతమే. మన ఇళ్లలో పంచాయితీ పెట్టినట్లు పదిమంది బంధువులను కూర్చోబెట్టి పిల్లవాణ్ని నడుమ నిలబెట్టడం ఎందుకు పనికిరాదో దీన్నిబట్టి తెలుస్తుంది.

వైద్యం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు జవాబు తెలియక చాలామంది ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రాల ప్రకటనలను నమ్ముతున్నారు. అన్నీ చెడ్డవని నేననను. అయితే మేము చూడడానికి వెళ్లిన ఒక కేంద్రంలో గోడ మీద వైద్యుని పేరు గాని, రిజిస్ట్రేషన్ పత్రం గాని లేవు. పడకలున్న హాలుకు బయటి నుంచి తాళం వేసి ఉంది. కిటికీ ఊచల వెనక మా అబ్బాయి వయసు పిల్లలు నిలబడి మావైపు చూస్తున్నారు. రాత్రి పూట వ్యాను పంపి, నలుగురు మనుషులతో ఇంటి నుంచే తీసుకెళ్తామనీ, కొన్ని వారాల పాటు చూడడానికి, ఫోను చేయడానికి వీల్లేదనీ అక్కడి నిర్వాహకుడు చెప్పాడు. మేము మరో మాట మాట్లాడకుండా వెనక్కి వచ్చేశాము. నేను పైన పేర్కొన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే ఇటువంటి కేంద్రాలు తప్పనిసరిగా నమోదు కావాలనీ, ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదనీ స్పష్టంగా చెబుతోంది. నెల్లూరు, ఒంగోలులలో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి, వాటిలో మానసిక వైద్య విభాగాలున్నాయి. అక్కడ మామూలు ఓపీ చీటీతో మొదలుపెట్టవచ్చన్న సంగతి కూడా తెలియక లక్షలు అప్పు తెచ్చి ప్రైవేటు కేంద్రాలకు కట్టిన కుటుంబాలు నాకు తెలుసు.

ఆసుపత్రికి పోతే పోలీసులకు తెలుస్తుంది, కేసు పెడితే పాస్‌పోర్టు రాదు, ఉద్యోగం రాదు అన్న భయం అన్ని భయాల కంటే పెద్దది. అందువల్ల చట్టంలో ఉన్నది ఉన్నట్లు రాస్తాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్ ప్రకారం గంజాయి తాగడం నేరమే, ఆరు నెలల వరకు జైలు గాని, 10 వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కానీ అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో గాని చికిత్సకు ముందుకు వచ్చి, ఆ చికిత్స తీసుకుంటే, తాగిన నేరానికి, స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరాలకు అతణ్ని ప్రాసిక్యూషన్ నుంచి మినహాయించే సెక్షన్ అది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపును ఉపసంహరించుకోవచ్చు. కోర్టు దోషిగా తేల్చాక కూడా జైలుకు బదులు చికిత్సకు పంపడానికి 39వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. అంటే చట్టం చేసినవారు రోగికీ వ్యాపారికీ తేడా చూశారు. గంజాయి విషయంలో ఒక కిలో లోపు స్వల్ప పరిమాణం, 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణానికి శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల వరకు. పిల్లలకు ఇక్కడ మరో సంగతి గట్టిగా చెప్పాలి. తన ఖర్చు గిట్టించుకోవడానికి నలుగురు స్నేహితులకు కలిపి ఒకడే పొట్లాలు తెచ్చి పంచాడంటే, వాడు తాను అమ్మేవాణ్ని కానని ఎంత అనుకున్నా చట్టం దృష్టిలో అమ్మినవాడే. హాస్టల్ గదుల్లో ఈ గీత ఎంత తేలికగా దాటుతారో లెక్చరర్లకు తెలుసు, పిల్లలకే తెలియదు.

ఇవన్నీ వీధిలో మాట్లాడుకోవడానికి వెనుకాడవలసిన జిల్లా కాదు మాది. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు సారా అంగడికి ఎదురు నిలిచారు. రోశమ్మ గారి పేరుతో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. తాగి వచ్చిన భర్త గురించి పదిమందిలో చెప్పుకోవడానికి ఆనాటి స్త్రీలు సిగ్గుపడలేదు. పైగా అంగడి ఊళ్లోనే ఉండేది, ఒక ఇంటి కష్టం పక్కింటికి వినబడేది. గంజాయికి అంగడి లేదు, బోర్డు లేదు, బేరం ఫోనులో జరుగుతుంది. అందువల్ల ఒక్కో తల్లీ ఇది తన ఒక్క ఇంటికే వచ్చిన అప్రతిష్ఠ అనుకుని లోపలే కుమిలిపోతోంది. సారా ఉద్యమం వెనువెంటనే పొదుపు లక్ష్మి పేరుతో మా జిల్లాలో బలపడిన పొదుపు సంఘాలు ఇప్పటికీ ప్రతి ఊళ్లోనూ సమావేశమవుతున్నాయి. ఆ సమావేశాల్లో ఏడాదికి ఒకటి రెండుసార్లయినా మానసిక వైద్యుణ్ని పిలిపించి, ఎవరి బిడ్డ పేరూ ఎత్తకుండా ఈ విషయం చర్చించే ఏర్పాటు జిల్లా అధికారులు చేయగలరు. దానికి కొత్త పథకం గాని, కొత్త భవనం గాని అక్కర్లేదు.

కాలేజీల యాజమాన్యాలకు కూడా ఒక విన్నపం. గంజాయితో దొరికిన విద్యార్థికి ఆ రోజే టీసీ చేతికిచ్చి పంపితే కాలేజీ పేరు కాపాడుకున్నట్లు ఉండవచ్చు గాని, ఆ పిల్లవాడికి పగలంతా ఖాళీ మిగులుతుంది, తోడుగా ఆ స్నేహాలే మిగులుతాయి. చికిత్స తీసుకుంటున్నట్లు వైద్యుని పత్రం తెచ్చిన విద్యార్థికి సెలవిచ్చి, మరుసటి సెమిస్టరులో తిరిగి చేర్చుకునే నియమం ప్రతి కాలేజీ పెట్టుకోవచ్చు. అమ్మేవాడి విషయం వేరు, అతని గురించి పోలీసులకు చెప్పవలసిందే.

ఇక మీ పత్రికను నేను కోరేవి కొన్నే. పట్టివేత వార్త వేసిన ప్రతిసారీ దాని పక్కన చిన్న పెట్టెలో చికిత్సకు సంబంధించిన నంబర్లు వేయండి. వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 14446. మానసిక ఆరోగ్య సలహా కోసం టెలీ మానస్ నంబరు 14416, అందులో తెలుగులోనే మాట్లాడవచ్చు. అమ్మేవారి సమాచారం ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటుచేసిన ఈగల్ విభాగం నంబరు 1972. ఈ చివరి నంబరును గోడల మీద, బస్సుల మీద చూసిన తల్లిదండ్రులు బిడ్డ చికిత్స కోసం కూడా దానికే చేయాలేమోనని జంకి అసలు ఎవరికీ చేయకుండా ఊరుకుంటున్నారు. ఏ నంబరు ఏ పనికో విడివిడిగా రాస్తే ఎందరికో ఉపకారం చేసినవారవుతారు. నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల్లో మానసిక వైద్య ఓపీ ఏ రోజుల్లో, ఏ వేళల్లో, ఏ గదిలో ఉంటుందో మీ విలేకరులు స్వయంగా వెళ్లి కనుక్కుని రాయాలి. రెండు జిల్లాల్లో నమోదైన చికిత్స కేంద్రాలు ఏవో జిల్లా యంత్రాంగాన్ని అడిగి ఆ జాబితా ప్రచురించాలి. జాబితాలో లేని కేంద్రం బోర్డు పెట్టుకుని నడుస్తుంటే అది కూడా వార్తే.

అన్నిటికంటే ముఖ్యంగా, తాగుతూ దొరికిన కుర్రవాళ్ల ఫొటోలను, వారి తండ్రుల పేర్లను, ఇంటి చిరునామాలను టోకు వ్యాపారుల ఫొటోల సరసన వేయకండి. చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటో గాని, వివరాలు గాని అతని సమ్మతి లేకుండా పత్రికలకు ఇవ్వకూడదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. పట్టుబడిన వ్యక్తికి ఆ సెక్షన్ వర్తించకపోవచ్చు. అయినా ఈ రోజు పట్టుబడిన 19 ఏళ్ల పిల్లవాడు రేపు ఆసుపత్రి మెట్లెక్కవలసినవాడే. ఒకసారి ఫొటో పడ్డాక ఆ ఇంట్లో చెల్లెలి పెళ్లి చూపులు ఆగిపోతాయి, తండ్రి ఊళ్లో తలెత్తుకోలేక ఇల్లు మారుస్తాడు, ఆ కుర్రవాడు ఇక పోయేదేముందన్న తెగింపుకు వస్తాడు. టన్నుల కొద్దీ సరుకు రవాణా చేయించే వ్యక్తి ముఖం ఆ ఫొటోల్లో ఎంత అరుదుగా కనిపిస్తుందో మీకే బాగా తెలుసు.

మా అబ్బాయి ఈ లేఖను చదివాడు. తన సంగతి రాయడానికి ఒప్పుకున్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. అందువల్ల నా పేరు, పాఠశాల పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను. పూర్తి వివరాలను మీ కార్యాలయానికి వేరుగా జతపరిచాను. ఈ లేఖ చదివి తల్లిదండ్రులెవరైనా తమ అనుభవాలు రాసి పంపితే, వాటిని కూడా ఊరూ పేరూ లేకుండా ప్రచురించడానికి, వైద్యపరమైన ప్రశ్నలుంటే ఒక మానసిక వైద్యుని చేత జవాబులు రాయించడానికి మీ పత్రికలో నెలకొకసారైనా కొంత చోటు కేటాయించగలరని ఆశిస్తున్నాను.

భవదీయురాలు,
ఒక ఉపాధ్యాయురాలు,
కావలి ప్రాంతం, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా